కోడికి కాలమ్ లేదు

ముందు నా తప్పు నేనే చెప్పుకుంటాను. లేకపోతే ఇది చదివాక మా ఊరివాళ్ళు చెప్తారు, అది ఇంకా బాగోదు.

మాది రాజోలు దగ్గర ఊరు. పదమూడేళ్ళుగా హైదరాబాదులో ఉద్యోగం. 2023 నవంబరులో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఈ సంక్రాంతికి మన బరి మామూలుగా ఉండదు. ఎల్ఈడీ స్క్రీన్ పెట్టిస్తన్నాం. ఎవరి పుంజు, ఏ ఊరు, పందెం ఎంత, ఎవరు కొట్టారు, అన్నీ స్క్రీన్ మీద పడాల. నువ్వు సాఫ్ట్‌వేరోడివే కదా, ఓ రెండ్రోజులు కూచుని చేసిపెట్టు" అన్నాడు. డబ్బులు ఇస్తామన్నాడు కూడా. డబ్బులు వద్దన్నాను. నేను వద్దన్నది అదొక్కటే.

రెండు వీకెండ్లలో అయిపోయింది. ఒకే ఒక్క టేబుల్. పందెం నంబరు, యజమాని పేరు, ఊరు, పుంజు రంగు, పందెం మొత్తం, ఫలితం. రంగుల కోసం డ్రాప్‌డౌన్ పెట్టాను: కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, రసంగి, కక్కిరాయి. ఆ పేర్లు మా మావయ్య ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పి, "ఒరే అల్లుడూ, సేతువకీ పర్లకీ తేడా తెలీనోడివి నువ్వేం రాత్తావురా" అని నవ్వాడు. ఫలితం అన్న కాలమ్‌లో రెండే విలువలు. గెలుపు, ఓటమి.

2024 జనవరి 14, 15, 16. భోగి, సంక్రాంతి, కనుమ. మూడు రోజులూ కొబ్బరితోటలో షామియానా కింద లాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాను. కనుమ రాత్రి బ్యాకప్ తీస్తుంటే టేబుల్లో 74 వరసలు కనపడ్డాయి. ఎవరి పుంజు, ఏ ఊరు, ఎన్ని లక్షలు, అన్నీ ఉన్నాయి. పందెంలో దిగినవి 148 పుంజులు. వాటిలో ఆ రాత్రికి ఎన్ని బతికున్నాయో తెలుసుకోడానికి ఆ టేబుల్లో దారి లేదు. కత్తి కట్టిన పందెంలో ఓడిన పుంజు చాలాసార్లు బరిలోనే పోతుంది. గెలిచింది కూడా పొట్ట చీలి, రెక్క తెగి, తెల్లారేదాకా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ సంగతి రాసుకోడానికి నేను కాలమ్ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తట్టలేదు. చిన్నప్పుడు అదే మావయ్య వెనకాల తిరుగుతూ నీళ్ళ గిన్నె పట్టుకున్నవాణ్ణి, గాయాలకి సూదీ దారంతో కుట్లు వేస్తుంటే చూసినవాణ్ణి నేను. నాకే తట్టలేదు.

ఈ వ్యాసం ఆ లేని కాలమ్ గురించి. అది నా టేబుల్లోనే కాదు, మన పేపర్లలో, ఛానెళ్ళలో, యూట్యూబులో కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

*

ఇది నాకు కోనసీమలో తట్టలేదు. ప్యారిస్ గురించి చదువుతుంటే తట్టింది. ఇది చెప్పుకోడానికి కొంచెం సిగ్గే.

2024 జులై 23న, ప్యారిస్ ఒలింపిక్స్ ఇంకో మూడు రోజుల్లో మొదలవుతాయనగా, బ్రిటన్‌కి చెందిన షార్లట్ డుజార్డిన్ పోటీల నుంచి తప్పుకుంది. ఆవిడ ఆట డ్రెస్సాజ్. గుర్రాన్ని ఇరవై మీటర్ల వెడల్పు, అరవై మీటర్ల పొడవున్న ఇసక బరిలోకి తీసుకొచ్చి, లెక్క ప్రకారం అడుగులు వేయించాలి. ఉన్నచోటే దుముకుతున్నట్టు నడిపిస్తారు, ఒక్క కాలి మీద తిరిగినట్టు తిప్పుతారు, సంగీతానికి తగ్గట్టు ఆడిస్తారు. జడ్జీలు ఒక్కో కదలికకి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. చూసేవాళ్ళకి అదొక నాట్యం. డుజార్డిన్‌కి అప్పటికే ఆరు ఒలింపిక్ పతకాలు, అందులో మూడు బంగారువి. ఆవిడ తప్పుకోడానికి కారణం ఒక పాత వీడియో. శిక్షణ ఇస్తూ ఒక గుర్రం కాళ్ళ మీద పొడుగాటి కొరడాతో పదే పదే కొడుతున్న వీడియో. నిమిషంలో ఇరవై నాలుగు సార్లకి పైగా కొట్టిందని లెక్కపెట్టారు. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య తర్వాత ఏడాది నిషేధం, పదివేల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది.

నన్ను ఆపింది ఆ కొట్టడం కాదు. ఇంకో విషయం. అదే సమాఖ్య నియమావళిలో ఆ ఆట లక్ష్యం ఏమిటో రాసి ఉంది. గుర్రాన్ని ఒక 'హ్యాపీ అథ్లెట్'గా తీర్చిదిద్దడమట. సంతోషంగా ఉన్న క్రీడాకారుడు! నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే మావయ్య మాట గుర్తొచ్చింది: "పందెం పుంజు ఎంత కుషీగా ఉంటదో చూడరా, దాని రక్తంలోనే ఉంది పందెం."

ఆ తర్వాత వారం రోజులు రాత్రిళ్ళు కూచుని చదివాను. 2009లో డెన్మార్క్‌లోని ఓడెన్స్‌లో ఒక పోటీకి ముందు వార్మప్‌లో, స్వీడన్ రైడర్ పాట్రిక్ కిట్టెల్ కింద ఉన్న గుర్రం నాలుక నీలంగా మారి బయటికి వేలాడింది. ఆ దృశ్యాన్ని ఒక చిన్న ఆన్‌లైన్ ఛానెల్ వీడియో తీసింది. గుర్రం మెడని గడ్డం ఛాతీకి తగిలేంతగా వంచి లాగి పట్టే ఆ పద్ధతిని రోల్‌కూర్ అంటారు. జనం గోల చేశాక 2010లో సమాఖ్య ఒక సమావేశం పెట్టి, బలవంతంగా చేస్తేనే అది రోల్‌కూర్ అనీ, బలవంతం లేకపోతే వేరే పద్ధతి అనీ తేల్చింది. పని అదే, దానికి రెండు పేర్లొచ్చాయి. 2023 నవంబరులో డెన్మార్క్‌లోని టీవీ2 ఛానెల్ ఒక పెద్ద డ్రెస్సాజ్ గుర్రాల వ్యాపారశాలలోకి రహస్యంగా మనిషిని పంపి, లోపల జరిగేవి చూపించింది.

ఈ మూడు సంగతుల్నీ బయటపెట్టింది ఎవరో గమనించండి. డుజార్డిన్ వీడియో ఒక లాయరు ద్వారా బయటికొచ్చింది. ఓడెన్స్ వీడియో ఒక చిన్న ఛానెల్ తీసింది. డెన్మార్క్ కథనం దొంగచాటుగా వెళ్ళినవాళ్ళది. పోటీ జరుగుతుండగా కామెంటరీ పెట్టె దగ్గర కూచున్నవాళ్ళు మాత్రం 'సామరస్యం', 'సొగసు', 'గుర్రం ఎంత ఇష్టంగా చేస్తోందో' అంటూనే ఉన్నారు. గుర్రం తోక విసురుతుంటే, నోరు తెరుస్తుంటే, అది కూడా ఉత్సాహమే అన్నారు. ఆట మీద బతికేవాళ్ళకి ఆటలోని నొప్పి కనపడదు. కనపడినా దానికి వాళ్ళ దగ్గర మాట ఉండదు.

మనవాళ్ళు ఆ ఆటలో లేరని కాదు. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెస్సాజ్‌లో బంగారు పతకం గెలిచింది. గుర్రాల పోటీల్లో నలభై ఒక్క ఏళ్ళ తర్వాత వచ్చిన బంగారం అది. అనూష్ అగర్వల్లా వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చాడు. ప్యారిస్‌కి వెళ్ళిన తొలి భారతీయ డ్రెస్సాజ్ రైడరూ అతనే. నేనూ ఆ రోజు స్టేటస్ పెట్టాను. హాంగ్‌ఝౌలో అతను ఎక్కిన గుర్రం పేరు ఎట్రో అని మాత్రం పది నెలల తర్వాత, ఇదంతా చదువుతుంటే తెలిసింది. పతకం తెచ్చిన ఎనిమిది కాళ్ళలో, క్షమించండి, ఆరు కాళ్ళలో, నాలుగు ఎట్రోవి.

*

ఇప్పుడు మన పేపర్ల సంగతి.

జనవరి మొదటి వారంలో మా జిల్లా ఎడిషన్ తెరవండి. ఒక పేజీలో పోలీసుల హెచ్చరిక: కోడిపందేలు ఆడితే కఠిన చర్యలు. బరులు దున్నేస్తున్న ట్రాక్టర్ ఫొటో. రెండు పేజీలు తిప్పితే ఇంకో వార్త: బరులు సిద్ధం, ఫ్లడ్‌లైట్లు, వీఐపీ గ్యాలరీలు, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ దిగుతున్న అతిథులు. భోగి రోజున ఛానెళ్ళన్నీ లైవ్. కనుమ మర్నాడు లెక్క: ఇన్ని కోట్లు చేతులు మారాయి.

ఈ నాలుగు వార్తల్నీ ఏటా అచ్చేసినట్టు రాస్తారు. పేర్లు, తేదీలు మారిస్తే చాలు. వీటి మీద నాకు మూడు ఫిర్యాదులున్నాయి.

మొదటిది భాష. "పుంజులు కాలు దువ్వాయి." "సై అంటే సై అన్నాయి." "నువ్వా నేనా అన్నట్టు తలపడ్డాయి." ఈ వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. కోడి! కాలు దువ్విందీ కోడే, సై అన్నదీ కోడే, తలపడిందీ కోడే. మరి కత్తి కట్టిందెవరు? దాన్ని చేతుల్లో పట్టుకుని ఎదుటిదాని మీదకి ఎగదోసిందెవరు? ఆ వాక్యంలో మనిషి లేడు. మనిషి డబ్బు లెక్క దగ్గరే మళ్ళీ కనపడతాడు, అక్కడ కూడా కోట్లు వాటంతటవే 'చేతులు మారతాయి'. నొప్పి కలిగించే పనికి కర్త జంతువు, లాభం వచ్చే పనికి కర్త డబ్బు. డ్రెస్సాజ్ కామెంటేటరు గుర్రం ఇష్టంగా నాట్యం చేస్తోంది అన్నప్పుడు చేసే పని కూడా ఇదే. తెలుగులో కర్మణి వాడకూడదని బడిలో మాస్టారు చెప్పేవారు. మన విలేకరులు కర్మణి వాడరు. నేరుగా కర్తనే మార్చేస్తారు.

రెండోది లెక్క. ఇన్ని వందల కోట్లు చేతులు మారాయని ఏటా రాస్తారు. ఆ లెక్క ఎవరు చేశారు? పందెం చట్టవిరుద్ధం. ఎవరూ పుస్తకాల్లో రాయరు, పన్ను కట్టరు. ఆఫీసులో నేను ఏ సోర్సూ లేకుండా ఒక డాష్‌బోర్డు మీద అంకె పెడితే మా మేనేజరు వెంటనే ఎక్కడిది అని అడుగుతాడు. ఇక్కడ అడిగేవాడు లేడు. ఎవరూ లెక్కపెట్టలేని డబ్బుకి అంకె దొరుకుతుంది. బరి పక్కన తాటాకు బుట్టలో కుప్ప పోసిన, నిలబడి ఎవరైనా లెక్కపెట్టగలిగే చచ్చిన కోళ్ళకి మాత్రం అంకె దొరకదు. ఇన్నేళ్ళలో ఏ పేపర్లోనూ ఆ అంకె నా కంటపడలేదు. మీ కంటపడితే చెప్పండి, ఈ పేరా తీసేస్తాను.

మూడోది నవ్వు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లా లొత్తునూరులో కాలికి కత్తి కట్టిన పుంజు గింజుకుంటే, ఆ కత్తి తగిలి దాని మనిషి చనిపోయాడు. పోలీసులు పుంజుని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. స్టేషన్లో కట్టేసి ఉన్న కోడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. హంతక కోడి అన్నారు, నిందితురాలన్నారు, కోర్టులో హాజరుపరుస్తారన్నారు. వాట్సాప్‌లో నాకే నాలుగు గ్రూపుల్లో వచ్చింది, నేనూ రెండు గ్రూపుల్లోకి పంపాను. ఒక మనిషి పోయాడు, ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నారు. ఒక పక్షి కాలికి మూడంగుళాల బ్లేడు కట్టి ఉంది. దాన్ని అందరం జోకుగా చదివాం. పందెం కోడి అంతర్జాతీయ వార్త అయిన అప్పుడు కూడా, అది ముద్దాయి వేషంలోనే అయింది.

*

ఇక నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. మావయ్యతో, బావమరిదితో, ఊరి స్నేహితులతో ఏడాదిగా పడుతున్న వాదనలే.

"మేం వాటిని పిల్లల్లా పెంచుతాం." నిజమే. ఇది అబద్ధమని నేను అనను. మావయ్య తన షుగర్ మాత్రలు మర్చిపోతాడు గానీ పుంజుకి బాదంపప్పు నానబెట్టడం మర్చిపోడు. తెల్లారగట్ల చెరువులో ఈత కొట్టిస్తాడు, వేణ్ణీళ్ళతో కాపడం పెడతాడు, ఒళ్ళు పడతాడు. పుంజు పోయినరోజు అన్నం తినడు. డ్రెస్సాజ్ గుర్రాల్నీ అలాగే చూస్తారు. వాటికి మసాజ్ చేసేవాళ్ళు వేరు, పళ్ళు చూసే డాక్టర్లు వేరు, విమానంలో ప్రయాణం. డుజార్డిన్ గుర్రాల్ని ప్రేమించలేదని ఎవరూ అనలేదు. ప్రేమ ఉంది కాబట్టి హింస లేదనడం మన ఇళ్ళల్లో మనకి బాగా అలవాటైన వాదన. మా క్లాసులో వెదురుబెత్తంతో కొట్టిన మాస్టారు కూడా ప్రేమతోనే కొట్టారు. బాదంపప్పు ఎవరి గెలుపు కోసం పెడుతున్నామో అడిగితే చాలు, మిగతాది తెలిసిపోతుంది. పందెం తర్వాత బతికిన, ఇక పోరాడలేని పుంజుకి ఎన్ని బాదంపప్పులు పెట్టారో చెప్పండి.

"ఇది మన సంప్రదాయం." సంప్రదాయం అన్నప్పుడల్లా పల్నాటి కథ తెస్తారు. తీసుకురండి. ఆ కథలో ఏం జరిగింది? నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం వేశారు. ఓడినవాళ్ళు రాజ్యం వదిలి వలసపోయారు. చివరికి కారెంపూడిలో యుద్ధం. ఒక నేల మొత్తం పాడైపోడానికి మొదలు ఎక్కడో చెప్పే కథ అది. దాన్ని పండగ పోస్టరు మీద వేసుకోవడం, మహాభారతం చూపించి జూదం మన సంస్కృతి అన్నట్టుంది. ఇంకో మాట. జనం చెప్పుకునే ఆ కథలో బ్రహ్మనాయుడి పుంజుకి ఒక పేరుంది, చిట్టిమల్లు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కోడి పేరు మనకి తెలుసు. పోయినేడు నా స్క్రీన్ మీద దిగిన 148 పుంజుల్లో ఒక్కదాని పేరూ నాకు తెలీదు. రంగు తెలుసు, రేటు తెలుసు. ఎల్ఈడీ కట్టాక సంప్రదాయం కూడా పాతది మిగల్లేదు.

సంప్రదాయమే కావాలంటే మా కోనసీమలో కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక దాటించేటప్పుడు చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఆ ప్రభలదే. ఎవరి పొట్టా చీలకుండా ఊరంతా చేసుకునే పండగ మన చేతిలోనే ఉంది. దానికి ఛానెళ్ళలో పది నిమిషాలు, బరికి మూడు రోజులు. ఎవరు ఎంచారు ఈ లెక్క?

"నువ్వు బిరియానీ తినవా?" తింటాను. ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. మా గోదావరి జిల్లాల్లో పంజరాల్లో రెక్క విప్పే చోటు లేకుండా బతుకుతున్న గుడ్ల కోళ్ళు పందెం పుంజుకన్నా అన్యాయంగా బతుకుతున్నాయి. ఆ మాట అన్నవాడితో నాకు పేచీ లేదు. ఆ పాపంలో నా వాటా నాకుంది. కానీ ఒక తప్పు చేస్తున్నవాడు రెండో తప్పు గురించి మాట్లాడకూడదంటే లోకంలో మాట్లాడే అర్హత ఎవరికీ ఉండదు. ఇంకోటి, కోళ్ళ ఫారం ఎవరూ పండగ అనరు. అక్కడికి కెమెరాలు వెళ్ళవు, ఎమ్మెల్యేలు రిబ్బన్ కత్తిరించరు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపించరు. చావుని వేడుకగా చూపించడం దగ్గరే నా గొడవ. చిన్నప్పుడు నన్నూ అలా ఎత్తుకుని చూపించారు. నాకు చూడ్డం అలవాటైంది. అలవాటైంది కాబట్టే నా టేబుల్లో ఆ కాలమ్ లేకుండా పోయింది.

"పట్నంవాళ్ళకి పల్లెల మీద ఏడుపు." ఈ మాటకి డ్రెస్సాజే జవాబు. టోపీలు, టెయిల్ కోట్లు, రాజకుటుంబాల గ్యాలరీలు, యూరప్ నడిబొడ్డు. అక్కడా నాలుక నీలమైంది. హింసకి పల్లె, పట్నం లేవు. డబ్బున్న చోట దానికి మంచి పేర్లు దొరుకుతాయి, అంతే. మన బరుల్లో కూడా ఇప్పుడు ఎత్తు కుర్చీల్లో కూచునేది పల్లెటూరి రైతు కాదు. వాడు తాడు బయట నిలబడి ఉంటాడు, లేదా పక్కన గుండాట దగ్గర కూలిడబ్బులు పోగొట్టుకుంటుంటాడు. మావయ్య అర ఎకరం కొబ్బరితోట ఈ బరుల్లోనే పోయింది. కొన్నవాడు బెంగుళూరులో ఉంటాడు.

*

చట్టం గురించి ఒక్క పేరా, ఎందుకంటే మన విలేకరులు అది కూడా సరిగా రాయరు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, వినోదం కోసం ఒక జంతువుని ఇంకో జంతువు మీదకి ఉసిగొల్పడం నేరం. మొదటిసారి దొరికితే శిక్ష ఎంతో తెలుసా? పది రూపాయలకి తగ్గకుండా, యాభై రూపాయలకి మించకుండా జరిమానా. మా బరి దగ్గర బైకు పార్కింగ్ అంతకన్నా ఎక్కువ. 2014 మేలో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువులకీ గౌరవంగా బతికే హక్కుందని గట్టిగా చెప్పింది. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు కోడిపందేలు ఆపమని ఆదేశించింది. 2023 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలు చెల్లుతాయంది. 'జల్లికట్టుకి ఒప్పుకున్నారు, మనకేంటి?' అని మా ఊళ్ళో అందరూ అనేది దీన్ని పట్టుకునే. కానీ ఆ తీర్పు ఆ రాష్ట్రాలు ఎద్దుల ఆటలకి చేసుకున్న చట్టాల గురించి. కాలికి కత్తి కట్టిన కోడి గురించి అందులో ఏమీ లేదు. ఈ తేడా రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పకుండా 'సంప్రదాయానికి, చట్టానికి మధ్య సంఘర్షణ' అని శీర్షిక పెడితే బరువుగా వినపడుతుంది, పని కూడా తక్కువ.

*

సాహిత్యం చదివేవాళ్ళు ఈ పత్రిక చదువుతారు కాబట్టి మనలో మనం ఒక మాట. మనం కూడా ఈ కెమెరా వెనకే నిలబడ్డాం. సినిమాలో హీరో చంకలో పుంజు పెట్టుకుని స్లో మోషన్లో నడిస్తే 'నేటివిటీ' అని సమీక్షల్లో రాశాం. గోదావరి కథ అంటే పూతరేకులు, పడవ, పందెం కోడి. పదేళ్ళ కింద నేనే ఒక సినిమా గురించి బ్లాగులో 'బరి సీన్లో మట్టి వాసన వచ్చింది' అని రాశాను. ఇప్పుడు చదువుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది. బరిలో మట్టి వాసన రాదు. నేను మూడు రోజులు కూచున్నాను కదా, చెప్తాను. మందు వాసన, నెత్తురు వాసన, జనరేటరు డీజిల్ వాసన వస్తాయి.

2021లో హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద చారిత్రక సినిమా షూటింగ్‌లో గుర్రం చనిపోయింది. అబ్దుల్లాపూర్‌మెట్ పోలీసులు కేసు పెట్టారు. తర్వాత సినిమా వచ్చింది. యుద్ధ సన్నివేశాల గురించి పేజీలు పేజీలు రాసుకున్నాం. నేను చదివిన తెలుగు సమీక్షల్లో ఆ గుర్రం ఒక్క వాక్యంలోనూ లేదు. సౌందర్యం గురించి మాట్లాడటం మన పని అనుకున్నాం. ఆ సౌందర్యం ఎవరి ఒంటి మీద తయారైందో అడగడం మన పని కాదనుకున్నాం. డ్రెస్సాజ్ జడ్జి కూడా సరిగ్గా అలాగే అనుకుంటాడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. పందేలు రేపే ఆగిపోతాయని నేననుకోవడం లేదు. రాసేవాళ్ళు మూడు పనులు చేస్తే చాలు. కర్తని వాక్యంలోకి తీసుకురండి: "పుంజులు తలపడ్డాయి" బదులు "ఫలానావాళ్ళు పుంజులకి కత్తులు కట్టి వదిలారు" అని రాయండి. సోర్సు లేని కోట్లు రాయకండి. బరి నుంచి వచ్చేముందు ఆ తాటాకు బుట్ట దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టి, ఆ అంకె వేయండి. ఇందులో ఏదీ ఉద్యమం కాదు. జర్నలిజం మొదటి సెమిస్టరు పాఠం.

*

2024 డిసెంబరు మొదటి వారంలో, డుజార్డిన్ మీద నిషేధం వార్త వచ్చిన రోజుల్లోనే, బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. "బావా, పోయినేడు యాప్ సూపర్ హిట్టు. ఈసారి రెండు బరులు. కొంచెం అప్‌డేట్ చెయ్యి."

చేస్తానన్నాను. ఒక్క షరతు మీద. స్క్రీన్ మీద యజమాని పేరు పక్కన, పందెం మొత్తం పక్కన, ఇంకో కాలమ్ ఉంటుంది. ఆ రోజు అప్పటిదాకా చనిపోయిన పుంజులు ఎన్ని అని. ప్రతి పందేనికీ అంకె మారుతుంది. అంతకన్నా నాకేం వద్దు. పందెం ఆపమనను, పోలీసులకి చెప్పను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కోపంగా కాదు, నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "అది చూత్తా జనం ఎలా కూచుంటారు బావా? ఆడోళ్ళు, పిల్లలు వత్తారు కదా."

నాకు జవాబు చెప్పాలనిపించలేదు. అతనే చెప్పేశాడు. ఏమీ దాచకుండా చూపిస్తే ఎవరూ కూచోరని బరి కట్టేవాడికి తెలుసు.

యాప్ నేను చేయలేదు. వేరే ఎవరో కుర్రాడు కాకినాడ నుంచి చేసిచ్చాడట, నాదానికన్నా బాగుందట, గ్రాఫిక్స్ కూడా ఉన్నాయట. సంక్రాంతికి ఊరెళ్ళాను. మావయ్య నాతో మాట్లాడలేదు. భోగి మంట దగ్గర మాత్రం, ఎవరితోనో అంటున్నట్టు, "పెద్ద సదువులు సదివినోళ్ళకి కోడి మీద జాలి, మావ మీద లేదు" అన్నాడు. అతని పెరట్లో మూడు గంపలు బోర్లించి ఉన్నాయి. కనుమ మర్నాడు నేను బస్సెక్కేటప్పటికి రెండు గంపలు లేపేసి గోడకి ఆనించి ఉన్నాయి. మూడో గంప కింద ఒక నెమలి పుంజు, ఒక కన్ను మూసుకుని, నిలబడలేక కూచుని ఉంది. దాని పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు, నాలుగు బాదంపప్పులు. అది వాటి వంక చూడటం లేదు.